ఆటపెట్టె కొనాలా, పలక కొనాలా?

అడిగేవాళ్లకి చెప్పేవాళ్లు లోకువ అని సామెత. అయినా అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు నాది. మొన్న బుధవారం పొద్దున్నే మా చెల్లెలి కూతురు ఫోను చేసింది.

“దొడ్డమ్మా, చీటీ పాడాను. డబ్బు చేతికొచ్చింది. వేసవి సెలవులకి పిల్లలకి ఏదైనా కొనిపెడదామని ఉంది. పెద్దాడు చేత్తో పట్టుకు ఆడుకునే గేమ్ మెషీనే కావాలని భీష్మించుకు కూచున్నాడు. మీ అల్లుడుగారేమో, దాని బదులు జేబులో పట్టే టాబ్లెట్ కొందాం, ఇంటర్నెట్టూ ఉంటుంది, ఆటలకి ఆటలూ చదువుకి చదువూ అంటున్నారు. నువ్వేది కొనమంటావ్?”

“చిన్నదేమంటోందే?” అన్నాను.

“దాన్ని అడగలేదు. ఏది కొన్నా అన్నయ్యతో పాటు అదీ చూస్తుందిగా!”

“మరి నువ్వేమంటున్నావ్?”

“నాదేముంది దొడ్డమ్మా, నాకు వాటితో పనేమిటి?”

చీటీ కట్టింది తను, పాడింది తను. కూతుర్నేమో అడగనే లేదు, తనకేమో పనే లేదు! ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకుని, “నాలుగు రోజులాగు, ఆలోచించి చెబుతా” అన్నాను.

ఇందులో ఆలోచించడానికి ఏముంది, బజారుకెళ్లి ధర చూసి తెచ్చుకోవడమేగా అంటారేమో. చీర కొనేటప్పుడు అంచు చూస్తాం, నేత చూస్తాం, ఉతికితే రంగు నిలుస్తుందా అని కొంగు చివర తడిపి మరీ చూస్తాం. నవల చదివితే బావుందనో బాగాలేదనో నలుగురం కూచుని వాదించుకుంటాం. కాని పిల్లల చేతుల్లో ఏళ్ల తరబడి ఉండబోయే వస్తువు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ పెత్తనమంతా మగవాళ్లకీ, కొట్లో కుర్రాడికీ వదిలేస్తాం. పుస్తకాన్ని విమర్శించినట్టే వస్తువునీ విమర్శించొచ్చు. దాన్ని తయారుచేసినవాడి ఉద్దేశమేమిటి, ఆ ఉద్దేశం నెరవేరిందా, నెరవేరితే మన ఇంట్లో దానివల్ల ఏం జరుగుతుంది? ఈ మూడు ప్రశ్నలూ కవికి వేసినట్టే కంపెనీకీ వెయ్యొచ్చు.

పైగా ఈ తగువు ఇవాళ పుట్టింది కాదు. 2005లోనే ఈ రెండు జాతుల వస్తువులూ ఒకదాని పక్కన ఒకటి అంగట్లోకొచ్చాయి. ఆ రోజుల్లో అమెరికాలో చదువుకున్న మా మరిది కొడుకు రెండూ కొన్నాడు. దేశం తిరిగొస్తూ ఒక అట్టపెట్టెలో తెచ్చి మా అటక మీద పడేసి, మళ్లీ వాటి మొహం చూడలేదు. అటకలకి ఇదొక లాభం. మ్యూజియం పెట్టుకోనక్కర్లేదు. రెంటినీ దింపి, పాత నూలు గుడ్డతో దుమ్ము తుడిచి నా బల్ల మీద పెట్టుకున్నాను.

మొదటిది ప్లేస్టేషన్ పోర్టబుల్. పొట్టిగా పి.ఎస్.పి. అంటారు. సోనీ వాళ్లు 2004 డిసెంబరులో జపాన్‌లోనూ, 2005 మార్చిలో అమెరికాలోనూ అమ్మకానికి పెట్టారు. వెడల్పుగా, నల్లగా, నున్నగా, చీరలకి పెట్టే ఫాల్స్ మడతలా చక్కగా ఉంది. మధ్యలో నాలుగుంపావు అంగుళాల తెర. ఎడమవైపు అటూ ఇటూ పైకీ కిందకీ నొక్కే మీట, కుడివైపు నాలుగు బొత్తాలు. వాటి మీద త్రిభుజం, చతురస్రం, వృత్తం, ఇంటూ గుర్తు. ఒకటో తరగతి లెక్కల పుస్తకం అట్ట మీద బొమ్మల్లా ఉన్నాయి. ఆటలన్నీ చిన్న బిళ్లల మీద వస్తాయి. అరచేతిలో ఇమిడే ఆ బిళ్లకి ప్లాస్టిక్ తొడుగు. లోపల పెట్టగానే గుర్రుమని తిరుగుతుంది, మధ్యాహ్నం నిద్రపోయే పిల్లిలాగా.

రెండోది నోకియా 770. దాని పెట్టె మీదే ‘ఇంటర్నెట్ టాబ్లెట్’ అని రాసుకున్నారు. టాబ్లెట్ అంటే మా తరానికి మందుబిళ్లే గుర్తొస్తుంది గాని, ఇక్కడ పలక అనే అర్థం. 2005 మే నెలలో ప్రకటించి, నవంబరులో అమ్మారు. ఇందులో సిమ్ కార్డు లేదు, కాబట్టి ఫోను కాదు. ఆటల బొత్తాలు లేవు, కాబట్టి ఆటపెట్టె కాదు. వేలితో కంటే చిన్న పుల్లతో రాయడానికే వీలు. పలకా బలపం లాగే అన్నమాట. నాలుగంగుళాల పైచిలుకు తెర ఉన్నా, చుక్కలు మాత్రం అడ్డంగా 800, నిలువునా 480. పక్కనున్న పి.ఎస్.పి. తెరలో 480 కి 272 మాత్రమే. నా కళ్లద్దాలతో చూసినా తేడా తెలుస్తోంది. అక్షరాలు వేటూరి ముత్యాల్లా కాకపోయినా, గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. మీద జారే లోహపు మూత ఒకటి. ఆ మూత వేసి తీస్తుంటే ఎంత ముద్దొచ్చిందో! వస్తువుని ప్రేమించి చేసినవాళ్లెవరో ఆ కంపెనీలో ఉండే ఉంటారు.

ఇక ఉద్దేశాల సంగతి.

పి.ఎస్.పి. చేసినవాళ్ల అసలు ఉద్దేశం ఆట. కాని అంతటితో తృప్తి పడలేదు. సినిమాలూ ఆ బిళ్లల మీదే అమ్మారు. అమెరికాలో మొదటి పది లక్షల పెట్టెలతో స్పైడర్‌మ్యాన్ రెండో సినిమా బిళ్ల ఉచితంగా ఇచ్చారు. పాటలు వినొచ్చన్నారు, ఫొటోలు చూడొచ్చన్నారు. 2005లోనే ఇంటర్నెట్ చూసే సదుపాయం కూడా అతికించారు. అది మాత్రం పెళ్లివారి వంటకి ఇంటి పొయ్యి పెట్టినట్టుంది. లోపలున్న జ్ఞాపకశక్తి మొత్తం 32 మెగాబైట్లు. బొమ్మలెక్కువున్న పేజీ తెరిస్తే చాలు, నా వల్ల కాదని చేతులెత్తేసేది. అక్షరాలు కొట్టాలంటే బొత్తాలతో ఒక్కొక్కటే ఏరుకోవాలి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. సినిమా బిళ్లల వ్యాపారమూ నాలుగు రోజుల ముచ్చటే అయింది. అంటే ఆట తప్ప మిగతావన్నీ హంగులు. హంగులు ఊడిపోయాక మిగిలిందేమిటని చూస్తే, ఆట నిక్షేపంలా మిగిలింది. లూమినెస్ అని ఒకటుంది, రంగు గళ్లు పాటకి తగ్గట్టు పేర్చుకుంటూ పోవడమే. నేను ‘పది నిమిషాలు చూద్దాం’ అని కూచుని పొయ్యి మీద పాలు పొంగించుకున్నాను. విమర్శకురాలిగా ఇంతకంటే మెచ్చుకోలు ఇవ్వలేను.

నోకియా వాళ్ల ఉద్దేశం అంతకంటే గొప్పది. ప్రపంచమంతా ఉన్న ఇంటర్నెట్‌ని బల్ల మీది కంప్యూటరు నుంచి విడదీసి చేతిలో పెట్టాలని. 2007లో ఐపాడ్ టచ్, 2010లో ఐప్యాడ్ వచ్చి ఊరూవాడా చెప్పిన మాటని వీళ్లు 2005లోనే చెప్పారు. ముందుగా చెప్పినవాడికి మర్యాద చెయ్యాలి. కాని మొదట కూసిన కోడికి తెల్లవారదు కదా. ఆ పలకకి ఊపిరి గాలిలో రావాలి, అంటే వైఫై ఉండాలి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించిందే 2004లో. అందులో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి పెట్టిన హద్దు సెకనుకి 256 కిలోబిట్లు. ఆ వచ్చేది కూడా మా బోటి ఇళ్లలో తీగ వెంట వచ్చి బల్ల మీది కంప్యూటరు దగ్గర ఆగిపోయేది. గాలి లేని చోట గాలిపటం ఎంత అందమైనదైతే ఏం? గోడకి తగిలించుకోవడానికి బావుంటుంది.

తర్వాత 2007 జనవరిలో ఎన్800 వచ్చింది, దాని వెనకే బయటికి జారే కీబోర్డుతో ఎన్810. 2009లో ఎన్900 వచ్చేసరికి అది ఫోనైపోయింది. మొదటి 770 కి రెండేళ్ల తర్వాత కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ అధికారికంగా ఇవ్వలేదు. దాన్ని బతికించుకున్నవాళ్లు ఊరూపేరూ చెప్పుకోని ఔత్సాహికులు. రెండో పెళ్లి చేసుకున్న తండ్రి మొదటి సంసారాన్ని మరిచిపోయినట్టుంటుంది ఈ కథ. ఈ వ్యాపారంలో ఇది ఒక్కరి పాపం కాదు.

ఇప్పుడు నా బల్ల మీద జరిగిన విచిత్రం చెబుతాను. రెంటికీ కరెంటు పెట్టాను. పి.ఎస్.పి. లేచి, బిళ్ల గుర్రుమని తిప్పి, 2005లో ఆడిన ఆటే ఇవాళా ఆడింది. పలక కూడా లేచింది. తెర వెలిగింది. లోపలున్న చదరంగం ఆడుతుంది, గడియారం చూపిస్తుంది. కాని అది దేనికోసం పుట్టిందో ఆ పని చెయ్యలేదు. ఈనాటి వెబ్‌సైట్లు వేసుకునే తాళాలు వేరు, ఆనాటి బ్రౌజరుకి ఆ తాళంచెవులు లేవు. ప్రపంచం ఇల్లు మారిపోయింది, పాత చిరునామా పట్టుకుని వచ్చిన చుట్టంలా పలక వీధిలో నిలబడిపోయింది.

అంటే ఆటపెట్టె ప్రాణం దాని పొట్టలోనే ఉంది. పలక ప్రాణం మర్రిచెట్టు తొర్రలో చిలకలో ఉన్నట్టు, మరెక్కడో ఉంది. ఆ చిలకని ఎవరు మేపుతున్నారో, ఎన్నాళ్లు మేపుతారో కొన్నవాళ్లకి తెలియదు.

అయితే ఇక్కడ ఆటపెట్టెలనీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వాళ్లూ చిలకల్ని పెంచడం నేర్చారు. ఆటని కార్డు రూపంలో కాకుండా గాలిలో దింపుకోమనడం మొదలైంది. నింటెండో వాళ్ల 3డీఎస్ అనే పెట్టెకి ఆటలమ్మే ఇంటర్నెట్ దుకాణాన్ని 2023 మార్చిలో మూసేశారు. 2024 ఏప్రిల్లో దాని ఆన్‌లైన్ ఆటలూ ఆగిపోయాయి. కార్డు మీద ఆట కొనుక్కున్నవాడు ఇప్పటికీ ఆడుకుంటున్నాడు, అవసరమైతే పక్కింటివాడికి అరువిస్తున్నాడు. గాలిలో కొన్నదాన్ని అరువెలా ఇస్తాం? మనం నవలలు ఒకరి దగ్గర్నుంచి ఒకరం తెచ్చుకుని చదివి పెద్దవాళ్లమైనవాళ్లం. పేజీ చివర పసుపు మరక చూసి ఎవరింట్లోంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్లం. అరువివ్వడానికి వీల్లేని వస్తువంటే నాకు కాస్త అనుమానమే.

నింటెండో పేరెత్తాను కాబట్టి ఒక మాట. ఈ కంపెనీ 1889లో జపాన్‌లోని క్యోటోలో పుట్టింది. అప్పుడేం చేసేవాళ్లనుకున్నారు? పేకముక్కలు! పువ్వుల బొమ్మలుండే హనఫుడా అనే పేక. పేకాట అంటే ఆమడ దూరం పరిగెత్తే మనం, వాళ్లు చేసిన ఆటలు పిల్లలకి కొనిపెడుతున్నాం. ఆ కంపెనీలో యంత్రాల మరమ్మతు చూసే ఉద్యోగిగా చేరినవాడు గున్‌పే యొకోయ్. ఒకసారి రైల్లో వెళ్తూ, పొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుకుంటున్న ఒక ఆఫీసు మనిషిని చూశాడట. ఆ చూపులోంచి పుట్టింది 1980లో గేమ్ అండ్ వాచ్ అనే అరచేతి ఆట. దానికి వాడింది కాలిక్యులేటర్లలో వాడి వాడి చవకైపోయిన తెర. కొత్తగా వచ్చిన ఖరీదైన సరుకు వెంట పడకు, అందరూ వాడి పాతబడ్డ సరుకుని కొత్త విధంగా వాడు అన్నది ఆయన సిద్ధాంతం. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్న పులిహోర చేసే మనకి ఈ సిద్ధాంతం ఎవరూ నేర్పనక్కర్లేదు.

1989లో ఆయన బృందం చేసిన గేమ్‌బాయ్ చూడండి. రంగుల్లేవు, పాకుడు పట్టిన నీళ్లలాంటి తెర, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. అదే కాలంలో పోటీదార్లు రంగుల తెరలతో వచ్చారు. సెగా వాళ్ల గేమ్‌గేర్ ఆరు బ్యాటరీలు మింగి, నాలుగైదు గంటల్లో గుటుక్కుమనేది. గేమ్‌బాయ్ రోజుల తరబడి నడిచేది. దాంతోపాటు అమెరికాలో ఇచ్చిన ఆట టెట్రిస్. మాస్కోలో సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ 1984లో తయారుచేసిన ఆట. పైనుంచి ముక్కలు పడుతుంటాయి, సందుల్లేకుండా సర్దాలి. అంతే. రష్యావాడు చేశాడు గాని, దీపావళికి ముందు అలమర సర్దే ఆడది కనిపెట్టాల్సిన ఆట అది. గేమ్‌బాయ్, దాని రంగుల తమ్ముడు కలిసి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఈ గెలుపు హంగులది కాదు. ఒక్క పనే చేస్తాను, దాన్ని బాగా చేస్తాను, నీ బ్యాటరీ తినను అన్న మాటది.

ఇక మూడో ప్రశ్న, మన ఇంట్లో ఏం జరుగుతుందన్నది. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

మా అల్లుడు చెప్పింది నిజమే. ఇవాళ్టి పలకలో ఆటలున్నాయి, చాలామటుకు ఉచితం కూడా. ఉచితంగా పెట్టే భోజనానికి వెళ్లేటప్పుడు పెళ్లెవరిదో కనుక్కోవాలి. ఆ ఆటలు మధ్య మధ్య ప్రకటనలు చూపిస్తాయి, లేకపోతే ‘ఇంకో కత్తి కావాలా, ఇంకో ప్రాణం కావాలా, ఇంత కట్టు’ అంటాయి. పిల్లలు నొక్కేస్తారు, తండ్రి కార్డులో డబ్బు పోతుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు ఇలా చేసిన కొనుగోళ్ల మీద అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు చేస్తే, 2014 జనవరిలో ఆపిల్ సంస్థ కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లు తిరిగివ్వడానికి ఒప్పుకుంది. అదే ఏడు సెప్టెంబరులో గూగుల్ 1 కోటి 90 లక్షల డాలర్లకి ఒప్పుకుంది. పెద్దవాళ్లకే అర్థంకాని లెక్క పిల్లలకి ఆట పేరుతో పెడితే ఎలా?

ముందే డబ్బు పుచ్చుకుని ఇచ్చే ఆట మర్యాదైన ఆట. ధర ఎక్కువే, కాదనను. ఒక్కో కార్డు ఖరీదు చూస్తే గుండె ఝల్లుమంటుంది. కాని అక్కడికి లెక్క తేలిపోతుంది. ఆట మొదలవుతుంది, మధ్యలో కష్టపెడుతుంది, చివరికి అయిపోతుంది. అయిపోవడం అనేది ఎంత మంచి గుణమో, ఎన్నటికీ అయిపోని వీడియోలు చూసే పిల్లల తల్లులకి నేను చెప్పనక్కర్లేదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్, దాని వెనక 2019లో వచ్చిన చేతిలో మాత్రమే ఆడే లైట్ రకం, ఈ రెంటిలోనూ మామూలుగా ఇంటర్నెట్ తిరగడానికి బ్రౌజరే పెట్టలేదు. ఇది లోపమని పత్రికల వాళ్లు రాశారు. నేనైతే తలుపుకి గడియ పెట్టారంటాను. రోజుకెంతసేపు ఆడాలో తల్లి తన ఫోనులోంచే నిర్ణయించే ఏర్పాటూ ఉంది. ఇంకో చిత్రం, స్విచ్ ఆటల కార్డులకి చేదు పూత పూస్తారు. డెనటోనియం బెంజోయేట్ అట దాని పేరు. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే వెంటనే ఉమ్మేయాలని. పాలు మాన్పించడానికి వేపాకు రాసుకునే ఉపాయం మన అమ్మమ్మలది. ఈ పూత పూసిన ఆఫీసులో ఎవరో ఒక తల్లి ఉండి ఉంటుందని నా ఊహ.

పలక పక్షాన చెప్పాల్సింది చెప్పకపోతే అన్యాయం. 2020లో బడులు మూతబడితే పలకే బడి అయింది. దూరాన ఉన్న కూతురి మొహం చూపించేది అదే. సన్నక్షరాలు నాకు పెద్దవిగా చేసి పెట్టేదీ అదే. చేతిలో ఒక్క వస్తువే ఉండాలి, రెండోది కొనే స్తోమత లేదు, ఇంట్లో మంచి ఫోను కూడా లేదు అంటే, నేను కళ్లు మూసుకుని పలకే కొనమంటాను. చదువు ముందు, ఆట తర్వాత. కాని మా అమ్మాయి ఇంట్లో ఇప్పటికే రెండు పెద్ద ఫోన్లు, ఒక కంప్యూటరు ఉన్నాయి. మూడో కిటికీ దేనికి? అదే వీధి కనిపిస్తుంది.

ఇంకా ఒక సంగతి ఉంది. పలక కొంటే అది చివరికి ఎవరి చేతిలో పడుతుంది? మొదటి నెల పిల్లాడి చేతిలో. తర్వాత తల్లి చేతిలో. ఎందుకంటే దాంతో ‘పని’ ఉంటుంది. బడివాళ్ల సందేశాలు చూడాలి, పాఠాలు దింపాలి, కరెంటు బిల్లు కట్టాలి, అత్తగారికి రైలు టిక్కెట్టు తియ్యాలి. పనికొచ్చే వస్తువు ఏదొచ్చినా మన ఇళ్లల్లో అది ఆడదాని పని పెంచే వస్తువైపోతుంది. మిక్సీ వచ్చాక చట్నీలు రెండయ్యాయి, గుర్తుందా? ఆట వస్తువు మాత్రం కొడుకు చేతిలోనే ఉండిపోతుంది. కూతురు పక్కన కూచుని ‘చూస్తుంది’. తల్లికి ‘దాంతో పనేమిటి?’

మన ఆటలు ఇలా ఉండేవా? వామనగుంటల పీట ఎవరిది? అమ్మమ్మది. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, గుంటల్నిండా చింతపిక్కలు. మధ్యాహ్నం వంటిల్లు కడిగేశాక ఆవిడ పీట వేస్తే, మగపిల్లలు వచ్చి ‘అమ్మమ్మా నన్నూ ఆడనీ’ అని బతిమాలేవారు. అచ్చంగాయలు ఆడపిల్లలవి. అష్టాచెమ్మాలో ఇంటి కోడలు గవ్వలేసి మామగారి కాయని చంపితే ఇంటిల్లిపాదీ నవ్వేవారు, మామగారితో సహా. ఆ పీటకి వేరే ఉపయోగం లేదు. దాని మీద కూర తరగలేం, కూచోలేం. వేరే ఉపయోగం లేదు కాబట్టే, దాన్ని ముందేసుకు కూచున్న మనిషి ఆడుకుంటోందని అందరికీ తెలిసేది, ఎవరూ పని చెప్పేవారు కాదు.

ఆటపెట్టెలు చేసేవాళ్లకి ఈ సంగతి మనకంటే ముందే తెలిసినట్టుంది. 2004లో వచ్చిన నింటెండో డీఎస్ అనే రెండు తెరల పెట్టె, పి.ఎస్.పి. పక్కన పెడితే వంటగది స్టీలు డబ్బాలా సాదాసీదాగా ఉండేది. దానికి 2005లో డాక్టర్ ర్యూతా కవాషిమా పేరుతో మెదడుకి పదును పెట్టే లెక్కల ఆట తెచ్చారు, కుక్కపిల్లల్ని పెంచే ఆట తెచ్చారు. ఆటలంటే తెలియని ఆడవాళ్లూ, పెద్దవాళ్లూ ఆడాలనే పనిగట్టుకుని చేసిన ఆటలు. పి.ఎస్.పి. 8 కోట్లు అమ్ముడైతే ఈ డబ్బా 15 కోట్ల 40 లక్షలు అమ్ముడైంది. 2020 మార్చి 20న, ప్రపంచమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో, స్విచ్ మీద యానిమల్ క్రాసింగ్ కొత్త ఆట విడుదలైంది. అందులో శత్రువు లేడు, చంపడం లేదు. ఒక దీవి, కొన్ని చెట్లు, ఇల్లు, పెరడు. కలుపు పీకొచ్చు, చేపలు పట్టొచ్చు, స్నేహితురాలిని దీవికి పిలవొచ్చు. నాలుగు కోట్లకు పైగా కార్డులు అమ్ముడయ్యాయి. ఇంటి పని నుంచి తప్పించుకుని పెరటి పని చెయ్యడం ఏమిటని నాకు నవ్వొచ్చింది గాని, ఆ దీవిలో ‘అన్నం వడ్డించావా?’ అని అడిగేవాళ్లు లేరన్నది గమనించాలి.

ఆటపెట్టెతో బాధలు లేవని కాదు. మెడలు వంచుకుని కూచుంటారు. కళ్లు మంటలంటారు. ‘ఈ గండం దాటాక వస్తానమ్మా’ అని అన్నం చల్లార్చేస్తారు. కాల్పుల ఆటలు కొని తెచ్చే తండ్రులూ ఉన్నారు. ఇద్దరు పిల్లలుండి ఒకటే పెట్టె ఉంటే ఇల్లు కురుక్షేత్రమే. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను.

ఆదివారం నేనే ఫోను చేశాను.

“ఆటపెట్టె కొనవే. కార్డుల మీదొచ్చే ఆటలే కొను, గాలిలోవి వద్దు. మొదట రెండు కొను, వాడిష్టం ఒకటి, చిన్నదాని ఇష్టం ఒకటి. దాన్ని అడిగి కొను.”

“మీ అల్లుడుగారు ఒప్పుకోవద్దూ? చదువుకి పనికిరాదుగా అంటారు.”

“పనికిరాదనే కొనమంటున్నాను. డబ్బు నీ చీటీదే కదా?”

కాసేపు మాట్లాడలేదు. ఫోనులో వెనకాల ఏదో కుక్కరు కూత. మూడోదో నాలుగోదో.

“మధ్యాహ్నం మూడింటికి వీళ్లెవరూ ఇంట్లో ఉండరు దొడ్డమ్మా, సెలవులయ్యాక” అంది మెల్లగా.

“ఉండరుగా మరి!”

“ఇందాక ఏదో అన్నావే, ముక్కలు సర్దే ఆట, రష్యావాడిది... అది కూడా కార్డు మీద దొరుకుతుందా?”